755 హోమ్ రన్లు: హ్యాంక్ ఆరన్ పద్దులో ఏది లెక్క, ఏది కాదు

సచిన్ అనగానే మనకు వంద సెంచరీలు గుర్తొచ్చినట్టు, అమెరికా బేస్‌బాల్లో హ్యాంక్ ఆరన్ అనగానే 755 గుర్తొస్తుంది. 1954 నుంచి 1976 దాకా 23 సీజన్లలో ఆయన కొట్టిన హోమ్ రన్ల లెక్క అది. పాత తరం దిగ్గజం బేబ్ రూత్ పేరిట 39 ఏళ్లపాటు ఎవరూ తాకలేకపోయిన 714ను ఆరన్ 1974లో దాటాడు. ఆ తర్వాత మరో 33 ఏళ్లు రికార్డు ఆయన పేరిటే ఉంది.

సచిన్ వందనే ఒకసారి విప్పి చూడండి. అందులో టెస్టులవి 51, వన్డేలవి 49. రంజీలో కొట్టినవి అందులో లేవు. ఏవి కలపాలో, ఏవి వదిలేయాలో ఎవరో తేల్చాకే అది వంద అయింది. ఆరన్ 755 కూడా అలాంటిదే. అంపైర్ కొట్టేసిన హోమ్ రన్ ఒకటి అందులో లేదు. టీవీల ముందు కోట్లమంది చూసినవి మరో ఎనిమిది లేవు. ఆయన్ను పోల్చే రూత్ 714 వెనకా ఇలాంటి తకరారే ఒకటుంది. ఆరన్ గొప్పదనం ఎంతో కొలవాలంటే ముందు ఈ పద్దు తిరగెయ్యాలి.

సిక్సర్‌కీ దీనికీ తేడా

హోమ్ రన్ అంటే మన సిక్సరే కదా అంటుంటారు. సగమే నిజం. క్రికెట్లో బ్యాటర్ చుట్టూ అంతా మైదానమే. ఎడ్జ్ తగిలి కీపర్ నెత్తిమీదుగా వెళ్లినా ఆరు ఆరే. బేస్‌బాల్లో బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్ దగ్గర మొదలైన రెండు తెల్ల గీతలు లంబకోణంలో విచ్చుకుంటాయి. బంతి ఆ 90 డిగ్రీల లోపలే వెళ్లాలి. గీత బయటికి ఎంత దూరం బాదినా ఫౌలే. గీతల చివర కంచె దగ్గర రెండు పొడవాటి స్తంభాలుంటాయి. బంతి వాటి మధ్య నుంచి, నేలను తాకకుండా కంచె దాటాలి. కంచె పక్కల్లో 330 అడుగుల దరిదాపుల్లో, నడిమధ్యన 400 అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. కచ్చితమైన దూరం మైదానాన్ని బట్టి మారుతుంది.

ఇక బ్యాట్ గుండ్రంగా ఉంటుంది, బంతి పిచ్ పడి లేవదు. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి గాల్లోనే వచ్చేస్తుంది. గంటకు 90 మైళ్ల బంతి అయితే అర సెకను కూడా దొరకదు. ఆరన్ భారీ మనిషి కాదు. ఆరడుగుల ఎత్తు, 180 పౌండ్లు, అంటే 82 కిలోలు. ఆయన బలమంతా మణికట్టులోనే ఉండేది. బంతి దాదాపు మీదకి వచ్చేదాకా ఆగి, చివరి క్షణంలో మణికట్లు తిప్పేవాడు. అంతసేపు ఆగగలిగినవాణ్ని నెమ్మది బంతితో బోల్తా కొట్టించడం కష్టం.

బంతి కంచె దాటినంత మాత్రాన కూడా పని అయిపోదు. బ్యాటర్ నాలుగు బేస్‌లూ వరసగా తాకుతూ చుట్టి రావాలి. ఒక్కోదానికి 90 అడుగులు, మొత్తం 360. ఏదైనా బేస్ తాకకుండా వదిలేసి, అవతలి జట్టు అపీల్ చేస్తే ఔట్. ముందు పరిగెత్తుతున్న తన జట్టువాణ్ని దాటేసినా ఔటే. 1959 మే 26న మిల్వాకీలో సరిగ్గా ఇదే జరిగింది. పిట్స్‌బర్గ్ పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, హార్వీ హాడిక్స్ 12 ఇన్నింగ్స్ (ఇక్కడ రెండు జట్లూ ఒక్కో వంతు బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్) పాటు ఒక్కణ్ని కూడా బేస్ ఎక్కనివ్వలేదు. 13వ ఇన్నింగ్స్‌లో ఇద్దరు బేస్‌ల మీద ఉండగా జో ఆడ్‌కాక్ బంతిని కంచె దాటించాడు. ఆ ఇద్దరిలో ఆరన్ ఒకడు. ముందున్నవాడు ఇంటికి, అంటే హోమ్ ప్లేట్‌కు, చేరితే మ్యాచ్ అయిపోయినట్టే అనుకుని రెండో బేస్ తాకి దారి వదిలేశాడు. వెనకనుంచి వస్తున్న ఆడ్‌కాక్ ఆయన్ను దాటేశాడు. దాంతో ఆడ్‌కాక్ హోమ్ రన్ కాస్తా డబుల్, అంటే రెండు బేస్‌ల దెబ్బ, అయింది, స్కోరు 1-0 అయింది. ఆరన్ పొరపాటు వల్ల మైనస్ అయింది ఆరన్ పద్దులో కాదు, ఆడ్‌కాక్ పద్దులో.

కంచె దాటకుండా హోమ్ రన్ చేసే దారీ ఉంది. ఫీల్డర్లు బంతి తెచ్చేలోపు నాలుగు బేస్‌లూ చుట్టేయడమే. 755లో అలాంటిది ఒకే ఒక్కటి. 1967 మే 10న ఫిలడెల్ఫియాలో, జిమ్ బన్నింగ్ బంతి మీద.

ఇక ఏ మ్యాచ్‌లు లెక్కలోకొస్తాయన్నది. పెద్ద లీగ్‌లైన అమెరికన్, నేషనల్ లీగ్‌ల రెగ్యులర్ సీజన్ మాత్రమే. అక్టోబర్లో జరిగే ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌ల పద్దు వేరు. ఆరన్ 1957 వరల్డ్ సిరీస్‌లో మూడు, 1969 నేషనల్ లీగ్ ప్లేఆఫ్‌లో మూడు కొట్టాడు. ఆ ఆరూ 755లో లేవు. 1971, 1972 ఆల్ స్టార్ మ్యాచ్‌ల్లో కొట్టిన రెండూ లేవు. నల్లజాతి ఆటగాళ్ల జట్టు ఇండియానాపొలిస్ క్లౌన్స్ తరఫున 1952లో ఆడినవీ లేవు. ఆ ఏడాదే ఆయన్ను పెద్ద లీగ్ జట్టు బ్రేవ్స్ 10,000 డాలర్లకు కొనుక్కుంది.

కాలు గీత దాటి పోయిన ఒకటి

1965 ఆగస్టు 18, సెయింట్ లూయిస్. ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 3-3. కార్డినల్స్ తరఫున ఎడమచేతి పిచ్చర్ కర్ట్ సిమన్స్ వేస్తున్నాడు. బాగా నెమ్మదిగా, తేలుతూ వచ్చే బంతులతో ఆరన్‌ను అదివరకు చాలాసార్లు విసిగించిన పిచ్చర్ ఆయన. ఈసారి ఆరన్ ఆగలేదు. బంతి వచ్చేదాకా నిలబడకుండా ముందుకు అడుగేసి కొట్టాడు. అది కుడివైపు స్టాండ్ పైకప్పు మీద పడింది. వెంటనే కీపర్ లాంటి క్యాచర్ బాబ్ యూకర్ అంపైర్ వైపు తిరిగాడు. అంపైర్ క్రిస్ పెలెకౌడస్ ఔట్ ఇచ్చేశాడు.

బ్యాటర్ నిలబడే చోట సున్నంతో ఒక పెట్టె గీస్తారు. వెడల్పు 4 అడుగులు, పొడవు 6 అడుగులు. బ్యాట్‌కు బంతి తగిలే క్షణంలో పాదం పూర్తిగా ఆ పెట్టె బయట నేల మీద ఉంటే ఔట్. గీత మీద ఉంటే ఫర్వాలేదు. నెమ్మది బంతిని వెంటాడేవాడికి ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అడుగు ముందే పడిపోతుంది. నియమం పుస్తకంలో ఎప్పటినుంచో ఉన్నా అంపైర్లు దాన్ని వాడటం అరుదు. మ్యాచ్ బ్రేవ్స్ గెలిచింది కాబట్టి అప్పట్లో పెద్ద రగడ కాలేదు. 1974 వచ్చాకే ఆ ఒక్కదాని విలువ తెలిసింది.

రూత్ పద్దులోనూ ఇలాంటిదే ఉంది. 1918 జులై 8న బోస్టన్‌లో, క్లీవ్‌లాండ్ మీద, పదో ఇన్నింగ్స్‌లో ఒక రన్నర్ బేస్ మీద ఉండగా రూత్ బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టాడు. అప్పటి నియమం ప్రకారం గెలుపు పరుగు ఇంటికి చేరగానే మ్యాచ్ అయిపోయినట్టే. ఆ రన్నర్ ఇల్లు చేరడానికి ఎన్ని బేస్‌లు కావాలో అన్నే బ్యాటర్‌కు ఇచ్చేవాళ్లు. అలా రూత్‌కు ట్రిపుల్, అంటే మూడు బేస్‌లే, దక్కింది. నియమం 1920లో మారింది. 1960ల చివర్లో రికార్డులు సరిచూసే కమిటీ ఒకటి కూర్చుని, ఇలాంటివన్నీ హోమ్ రన్లుగా రాయాలని ముందు తేల్చింది. అంటే రూత్‌కు 715. తర్వాత మనసు మార్చుకుని 1969లో మళ్లీ 714 చేసింది.

ఇప్పుడు లెక్క వేయండి. 1965 నాటి ఆరన్ దెబ్బ చెల్లి ఉంటే, 1973 సీజన్ ముగిసేసరికి ఆయన 713 దగ్గర కాదు, 714 దగ్గర ఉండేవాడు. రికార్డు బద్దలయ్యేది అట్లాంటాలో కాదు, నాలుగు రోజుల ముందు సిన్సినాటిలో. అదే రూత్ 1918 నాటిది చెల్లి ఉంటే, అట్లాంటాలో ఆ రాత్రి ఆరన్ కొట్టిన దానితో రూత్‌ను అందుకునేవాడే తప్ప దాటేవాడు కాదు. రెండూ చెల్లితే ఒకదానికొకటి సరిపోతాయి, అట్లాంటా రాత్రి అలాగే ఉంటుంది. పద్దు దిద్దడానికి ఒకసారి పెన్ను తీస్తే ఎక్కడ ఆపాలో తెలీదు. కమిటీ వెనకడుగు వేయడమే మంచిదని నా ఉద్దేశం.

వందలు ఎలా పడ్డాయి

1954 వసంతంలో బ్రేవ్స్ శిక్షణ మ్యాచ్‌లో బాబీ థామ్సన్ చీలమండ విరిగింది. ఆ ఖాళీలోకి 20 ఏళ్ల ఆరన్ వచ్చాడు. ఏప్రిల్ 13న మొదటి మ్యాచ్‌లో ఐదుసార్లు బ్యాటింగ్‌కు దిగి ఒక్క హిట్ (కనీసం మొదటి బేస్‌కు చేర్చే దెబ్బ) కూడా కొట్టలేదు. పది రోజుల తర్వాత, ఏప్రిల్ 23న, సెయింట్ లూయిస్‌లో విక్ రాస్కీ బంతి మీద మొదటి హోమ్ రన్ పడింది. సెప్టెంబర్లో తన చీలమండే విరిగి సీజన్ ముగిసింది. ఆ ఏడాది మొత్తం 13.

వందోది 1957 ఆగస్టు 15న, 23వ ఏట. రెండొందలోది 1960 జులై 3న, 26వ ఏట. మూడొందలోది 1963 ఏప్రిల్ 19న, నాలుగొందలోది 1966 ఏప్రిల్ 20న. ఐదొందలోది 1968 జులై 14న శాన్ ఫ్రాన్సిస్కో పిచ్చర్ మైక్ మెకార్మిక్ మీద. సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన, ఆరన్ పాత జట్టుసహచరుడు ఎడ్డీ మాథ్యూస్ తన ఐదొందలోది కొట్టాడు. ఆరొందలోది 1971 ఏప్రిల్ 27న గేలార్డ్ పెర్రీ మీద, 37వ ఏట. ఏడొందలోది 1973 జులై 21న కెన్ బ్రెట్ మీద, 39వ ఏట.

ఈ తేదీల మధ్య దూరాలు చూడండి. మొదటి వందకు మూడేళ్ల నాలుగు నెలలు పట్టింది. నాలుగో వందకు సరిగ్గా మూడేళ్లు. ఐదో వందకు రెండేళ్ల మూడు నెలలు. ఏడో వందకూ, అంటే 37 నుంచి 39 ఏళ్ల మధ్య, అంతే. మామూలుగా బ్యాటర్ గ్రాఫ్ ముప్పై దాటాక కిందికి వంగుతుంది. ఆరన్‌ది వంగలేదు. 35వ ఏట నుంచి ఆయన కొట్టినవే 245.

మరోపక్క, ఒక్క సీజన్లో కూడా ఆయన 50 కొట్టలేదు. అత్యధికం 1971లో 47. రూత్ ఒక ఏడాది 60, మరో ఏడాది 59 కొట్టిన మనిషి. ఆరన్ నాలుగు సీజన్లలో సరిగ్గా 44 చొప్పున కొట్టాడు, అదీ 44 నంబరు చొక్కా వేసుకుని. 40 లేదా అంతకు మించి కొట్టినవి ఎనిమిది సీజన్లు, 30 లేదా అంతకు మించి కొట్టినవి పదిహేను. పేలుడు కన్నా వడ్డీ లెక్కకు దగ్గరి వ్యవహారం ఇది.

వయసు మీద పడుతున్నా వేగం తగ్గకపోవడానికి కారణాలున్నాయి. 1966లో బ్రేవ్స్ జట్టు మిల్వాకీ నుంచి అట్లాంటాకు మారింది. అట్లాంటా మైదానం సముద్రమట్టానికి వెయ్యి అడుగులకు పైన ఉంది. అప్పటి పెద్ద లీగ్ మైదానాలన్నిటిలోకీ అదే ఎత్తు. గాలి పలచన, వేసవి వేడి. రెండూ కలిస్తే బంతి నాలుగడుగులు ఎక్కువ పోతుంది. దానికి రాకెట్లు వదిలే వేదిక అనే అర్థంలో పేరు కూడా పెట్టారు. ఆరన్ దీన్ని గమనించి ఆటే మార్చుకున్నాడు. మిల్వాకీలో బంతిని మైదానం నలువైపులా కొట్టేవాడు. అట్లాంటాలో కావాలని ఎడమవైపుకు లాగి కొట్టడం మొదలెట్టాడు. ఫలితం పద్దులో స్పష్టంగా కనిపిస్తుంది. 1965లో సగటు, అంటే బ్యాటింగ్ వంతుల్లో హిట్లు పడిన వాటా, .318, హోమ్ రన్లు 32. 1966లో సగటు .279కి పడింది, హోమ్ రన్లు 44కి పెరిగాయి. ఊరికే వచ్చినవి కావవి, సగటును ఖర్చుపెట్టి కొనుక్కున్నవి.

రెండో కారణం నియమాలు. 1968లో పిచ్చర్లు చెలరేగిపోయారు. దాంతో 1969 నుంచి పిచ్చర్ నిలబడే దిబ్బ ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు, బంతి వెళ్తే స్ట్రైక్‌గా లెక్కించే హద్దు, స్ట్రైక్ జోన్, కూడా కుదించారు. అదే ఏడాది నేషనల్ లీగ్‌లో రెండు కొత్త జట్లు చేరాయి, అంటే కొత్త పిచ్చర్లు. ఆరన్ 29 నుంచి 44కి ఎగబాకాడు. అయినా అందరికీ అవే నియమాలు, అవే మైదానాలు. 1973లో 39 ఏళ్లవాడు 392 అట్ బ్యాట్‌లలో (లెక్కకొచ్చే బ్యాటింగ్ వంతులు) 40 కొట్టడానికి ఆ కారణాలు సరిపోవు. దాదాపు ప్రతి పదింటికి ఒకటి.

రూత్‌తో పోలిక కూడా ఇక్కడే తేల్చుకోవాలి. రూత్ 8,399 అట్ బ్యాట్‌లలో 714 కొట్టాడు, అంటే 11.8కి ఒకటి. ఆరన్ 12,364లో 755, అంటే 16.4కి ఒకటి. వేగంలో రూత్ ముందున్నాడు, అనుమానం లేదు. పైగా మొదటి కొన్నేళ్లు ఆయన ప్రధానంగా పిచ్చర్. కానీ రూత్ ఆడిన లీగ్‌లో నల్లజాతి పిచ్చర్లను రానివ్వలేదు. 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. రాత్రి లైట్ల కింద ఆట కూడా రూత్‌కు లేదు. పెద్ద లీగ్‌లో మొదటి రాత్రి మ్యాచ్ 1935 మే 24న సిన్సినాటిలో జరిగింది. రూత్ ఆఖరి మూడు హోమ్ రన్లు ఆ మర్నాడే, పిట్స్‌బర్గ్‌లో, పగటి ఎండలో కొట్టాడు.

713 దగ్గర ఆగిన చలికాలం

1973 సెప్టెంబర్ 29న 713వది పడింది. మర్నాడు సీజన్ ఆఖరి మ్యాచ్. మూడు సింగిల్స్ కొట్టాడు, హోమ్ రన్ రాలేదు. ఇక ఏప్రిల్ దాకా ఆగాలి. 99 నుంచి 100కు సచిన్ ఏడాది ఆగినప్పుడు మన దగ్గర ఎంత హడావిడి జరిగిందో గుర్తుందిగా? కానీ అక్కడ ఎదురుచూపు వేరే రకం. తెల్లజాతి దేవుడి రికార్డును అలబామాలోని మొబైల్ ఊళ్లో పుట్టిన నల్లవాడు చెరిపేయడం చాలామందికి గిట్టలేదు.

1973లో ఆరన్‌కు దాదాపు 9,30,000 ఉత్తరాలు వచ్చాయని తపాలా శాఖ లెక్క తేల్చి ఫలకం కూడా ఇచ్చింది. రోజుకు 2,500కు పైనే. ఎక్కువ భాగం అభిమానులవే అయినా, వేలల్లో బూతులూ చంపేస్తామన్న బెదిరింపులూ ఉన్నాయి. ఒక పోలీసు అధికారి ఎప్పుడూ వెంట ఉండేవాడు. కాలేజీలో చదువుతున్న కూతురి గురించీ బెదిరింపులు వచ్చాయి. ఆ ఉత్తరాల్ని ఆయన పారేయలేదు, జీవితాంతం దాచుకున్నాడు.

1974 సీజన్ సిన్సినాటిలో మూడు మ్యాచ్‌లతో మొదలవ్వాలి, తర్వాతే అట్లాంటా. రికార్డు సొంత ఊళ్లో పడాలని, టికెట్లు అమ్ముడవ్వాలని బ్రేవ్స్ ఆయన్ను సిన్సినాటిలో కూర్చోబెడదామనుకుంది. బేస్‌బాల్ కమిషనర్ బొవీ కూన్ ఒప్పుకోలేదు. కిందటేడు ఆడిన లెక్కన మూడింట రెండైనా ఆడించాలని ఆదేశించాడు. ఏప్రిల్ 4న మొదటి మ్యాచ్‌లో, ఆ ఏడాది తొలిసారి బ్యాట్ ఊపగానే, జాక్ బిల్లింగమ్ బంతి కంచె దాటింది. 714. రెండో మ్యాచ్‌కు కూర్చున్నాడు. మూడోదానికి మేనేజర్ మళ్లీ కూర్చోబెడతానంటే కూన్ మళ్లీ ఆదేశం పంపాడు. ఆడాడు, ఏమీ కొట్టలేకపోయాడు. ఆ మేనేజర్ ఎవరో కాదు, ఎడ్డీ మాథ్యూసే. ఈ తగవులో నాకు కూన్ వాదనే సబబనిపిస్తుంది. గెలవాల్సిన మ్యాచ్‌లో బాగా ఆడేవాణ్ని టికెట్ల కోసం పక్కన పెట్టడం ఆట కాదు.

రాత్రి 9 గంటల 7 నిమిషాలు

ఏప్రిల్ 8, సోమవారం, అట్లాంటా. 53,775 మంది. ఎదురుగా లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఎడమచేతి పిచ్చర్ అల్ డౌనింగ్. ఆయన చొక్కా మీద కూడా 44. రెండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బ్యాట్ కదపనేలేదు, వాక్, అంటే నాలుగు తప్పు బంతులకు ఊరికే మొదటి బేస్, ఇచ్చి పంపించారు. నాలుగో ఇన్నింగ్స్‌లో డారెల్ ఎవాన్స్ మొదటి బేస్ మీద ఉండగా మళ్లీ వచ్చాడు. మొదటి బంతి కింద మట్టిలో పడింది. అప్పుడిక పిచ్చర్‌కు ఇబ్బంది మొదలవుతుంది. ఇంకోటి తప్పితే ఇద్దరు బేస్‌ల మీదకు చేరే దారి తెరుచుకుంటుంది, కాబట్టి స్ట్రైక్ వేయక తప్పదు. డౌనింగ్ వేసిన ఫాస్ట్‌బాల్ కిందికి దిగాల్సింది, దిగలేదు. ప్లేట్ మీద నడుము ఎత్తున ఉండిపోయింది. ఆ రాత్రి ఆరన్ బ్యాట్ ఊపింది అదే మొదటిసారి.

బంతి ఎడమ మధ్యభాగం వైపు సాగింది. ఎడమవైపు ఫీల్డర్ బిల్ బక్నర్ కంచె పట్టుకుని పైకి ఎగబాకాడు, అందలేదు. కంచె అవతల బ్రేవ్స్ పిచ్చర్లు చేతులు వేడెక్కించుకునే చోట నిలబడ్డ టామ్ హౌస్ చేతికి నేరుగా వచ్చింది. ఆయన బంతి పట్టుకుని హోమ్ ప్లేట్ దాకా పరిగెత్తుకొచ్చి ఆరన్ చేతిలో పెట్టాడు. రెండో బేస్ దాటాక ఇద్దరు కుర్రాళ్లు స్టాండ్లోంచి దూకి పక్కన పరిగెత్తారు. బెదిరింపుల సంగతి తెలిసినవాళ్లకు ఆ రెండు క్షణాలు గుండె ఆగినంత పనయింది. ఇంటికి చేరగానే తల్లి ఎస్టెల్లా కౌగిలించుకుని వదల్లేదు. జార్జియా గవర్నర్ హోదాలో జిమ్మీ కార్టర్ వచ్చి కూర్చున్నాడు. సిన్సినాటిలో ఆరన్‌ను ఆడించి తీరాలన్న కూన్ మాత్రం రాలేదు, తన ఆఫీసు మనిషి మాంటీ ఇర్విన్‌ను పంపాడు. కూన్ పేరు వినపడగానే జనం గోల చేశారు.

చివరి 22, ఆ తర్వాత వచ్చినవాళ్లు

బ్రేవ్స్ తరఫున 733 దగ్గర ఆరన్ కథ ముగిసింది. మిల్వాకీలో 398, అట్లాంటాలో 335. ఆపైన రెండేళ్లు సాగడానికి కారణం ఒక నియమం. 1973లో అమెరికన్ లీగ్ పిచ్చర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే మనిషిని అనుమతించింది. నలభై దాటిన మోకాళ్లతో ఫీల్డింగ్ చేయక్కర్లేదు. అలా పాత ఊరు మిల్వాకీకే, బ్రూవర్స్ జట్టుకు వెళ్లి 1975లో 12, 1976లో 10 కొట్టాడు. ఆఖరిది 1976 జులై 20న, కాలిఫోర్నియా ఏంజెల్స్ పిచ్చర్ డిక్ డ్రాగో మీద. అదే ఆఖరిదని ఎవరికీ తెలీదు. సీజన్ ఇంకా రెండు నెలలకు పైనే మిగిలి ఉంది. బంతి మైదానం చూసే ఒక పనివాడికి దొరికింది. ఆరన్ చేతికే ఇస్తానని పట్టుబట్టినందుకు ఉద్యోగం పోయింది, బంతి అతని దగ్గరే ఉండిపోయింది. 715వది పట్టుకున్నవాడు పిచ్చర్ కాబట్టి అదే పని చేసి మెప్పు పొందాడు. 755వది దొరికినవాడు దినకూలీకి దగ్గరివాడు కాబట్టి ఇంటికి పోయాడు.

పెద్ద అంకెలు ఇంకా ఉన్నాయి. జపాన్‌లో సదాహరు ఓ 1977 సెప్టెంబర్ 3న 756వది కొట్టి, 1980లో 868తో ఆపాడు. అక్కడ మైదానాలు చిన్నవి, సీజన్ కూడా చిన్నది. కాబట్టి ఆ అంకె తక్కువదీ కాదు, ఎక్కువదీ కాదు, వేరే లీగ్‌ది. నల్లజాతి లీగ్‌ల జాష్ గిబ్సన్‌కు దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టిన ఫలకం మీద దాదాపు 800 అని చెక్కారు. అందులో ఊరూరూ తిరిగి ఆడిన ప్రదర్శన మ్యాచ్‌లవీ ఉన్నాయి. ఆ లీగ్‌ల గణాంకాల్ని 2024లో అధికారిక పద్దులో కలిపినప్పుడు గిబ్సన్ ఖాతాలో పడ్డవి 200 లోపే, ఎందుకంటే స్కోరు కాగితాలు దొరికిన లీగ్ మ్యాచ్‌లనే లెక్కపెట్టారు. కలిపింది 1920 నుంచి 1948 దాకానే కాబట్టి, 1952లో క్లౌన్స్‌కు ఆడిన ఆరన్‌కు దానివల్ల ఒక్కటీ చేరలేదు.

బ్యారీ బాండ్స్ 2007 ఆగస్టు 7న శాన్ ఫ్రాన్సిస్కోలో 756వది కొట్టి, 762 దగ్గర ఆగాడు. ఆరన్ మైదానానికి రాలేదు, అభినందన వీడియో పంపాడు. స్టెరాయిడ్ల ఆరోపణలు బాండ్స్‌ను వదల్లేదు. హాల్ ఆఫ్ ఫేమ్‌కు పత్రికల వాళ్లు ఓటేసిన పదేళ్లలో ఒక్కసారీ ఆయన గెలవలేదు. అయినా పుస్తకంలో 762 అలాగే ఉంది. ఏ నక్షత్రం గుర్తూ లేదు, ఏ ఫుట్‌నోటూ లేదు. 1965 నాటి దెబ్బను ఆరన్‌కు తిరిగిచ్చినా 756 అవుతుంది, ఇంకా ఆరు తక్కువే.

కాబట్టి హోమ్ రన్ల రికార్డు ఎవరిదన్న తగవు నడుస్తూనే ఉంటుంది. ఆ తగవు లేని పద్దులు వేరే ఉన్నాయి. ఆరన్ మొత్తం హిట్లు 3,771. అందులోంచి హోమ్ రన్లన్నీ తీసేస్తే 3,016 మిగులుతాయి. 3,000 హిట్లు కొట్టినవాళ్లకే అక్కడ ఒక తరగతి ఉంది, అందులో అప్పటికీ ఆరన్ ఉంటాడు. రన్స్ బ్యాటెడ్ ఇన్, అంటే తన బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు, 2,297, అందరికన్నా పైన. కొట్టిన దెబ్బలతో దక్కిన బేస్‌లన్నీ కూడితే 6,856. రెండో స్థానంలో ఉన్న ఆల్బర్ట్ పుహోల్స్‌కు 6,211. తేడా 645 బేస్‌లు, ఒక్కోటి 90 అడుగులు. అంటే రెండోవాడు ఆరన్‌ను అందుకోవాలంటే ఇంకా పదిహేడున్నర కిలోమీటర్లకు పైనే పరిగెత్తాలి.